పదకొండు అంగుళాలు

మా షెడ్డు గోడకి ఒక చెక్క స్కేలు మేకుకి వేలాడుతూ ఉంటుంది. పన్నెండు అంగుళాలది, ఒక మూల కాస్త విరిగింది. రిటైరైన రోజున హెడ్మాస్టరుగారు "ఏం కావాలమ్మా?" అని అడిగితే, సైన్సు ల్యాబులోంచి అది అడిగి తెచ్చుకున్నాను. శాలువా వాళ్లు ఎలాగూ కప్పారు.

ముప్పై నాలుగేళ్లు హైస్కూలు పిల్లలకి భౌతికశాస్త్రం చెప్పాను. ప్రయోగాల రికార్డు దగ్గర నేను చండశాసనురాలినని పేరు. స్ప్రింగుకి బరువు కట్టి ఎంత సాగిందో కొలిచి రాయమంటే, కొందరు కొలవకుండానే లెక్క ప్రకారం ఎంత రావాలో చూసుకుని అది రాసేసేవారు. వాళ్ల రికార్డు వాళ్ల ముందే చింపేదాన్ని. "వచ్చింది రాయండి, రావాల్సింది రాయకండి" అనేదాన్ని. కూర్మన్నపాలెం జంక్షన్లో కూరలు కొంటుంటే ఇప్పటికీ ఎవరో ఒకరు ఆ మాట నాకే అప్పజెబుతారు.

మావారు స్టీల్‌ప్లాంటులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. ఆయన్ని మావారు అనే రాస్తాను, ఏమనుకోకండి. భర్త పేరు పైకి పలికితే ఆయుష్షు తగ్గుతుందని మా అమ్మ చెప్పింది. సైన్సు టీచరుని, నమ్మలేదు. అలాగని నలభై ఒక్కేళ్లలో ఒక్కసారీ పలకనూ లేదు. జనాభా లెక్కలకి వచ్చినవాళ్లు అడిగితే కాగితం మీద రాసి చూపించాను. "నమ్మకపోతే పలకొచ్చు కదా" అని మావారు ఏడిపించేవారు. ఇంట్లో ఆయన నాకు "ఏవండీ", నేను ఆయనకి "టీచరమ్మా". అంతే.

నిరుడు ఆయనకి గుండెపోటు వచ్చింది. రెండు స్టెంట్లు వేశారు. ఆస్పత్రిలో పడుకుని కూడా ఆయన ధ్యాసంతా ఒకటే. మల్కాపురంలో ఎవరి పెరట్లోనో తుప్పు పడుతున్న పాత బుల్లెట్టు, దానికి పక్కన తగిలించిన సైడ్‌కారు. అంతకు ముందు నెలే చూసి వచ్చారు.

"అది టార్టయ్యే వరకు నాను ఎక్కడికీ ఎల్లను టీచరమ్మా. రాసుకో" అన్నారు.

రాసుకున్నాను. డిశ్చార్జి అయిన మూడో వారంలో బండి మా షెడ్డులో ఉంది.

అమ్మినవాడు తాతబాబు అనే కుర్రాడు. బండి వాళ్ల మేనమామ ఎల్లారావుది. ఎల్లారావు పోర్టులో క్రేను నడిపేవాడట. భార్య చిలకమ్మకి ఒక కాలు పనిచేసేది కాదు, వెనకసీటు మీద కూర్చోలేదు. అందుకని ఆ రోజుల్లోనే సైడ్‌కారు చేయించి బండికి తగిలించాడు. మల్కాపురంలో అందరూ దాన్ని తొట్టి అనేవారు. సినిమాకైనా, పూర్ణామార్కెట్టుకైనా ఆవిడ రాణిలాగా తొట్టిలో కూర్చుని వెళ్లేదట.

"అత్త పోయి పన్నెండేళ్లయినాది. తర్వాత మావయ్య ఒక్కడే తిరిగీవోడు. తొట్టి మాత్రం ఇప్పనేదు. కాళీగా ఉన్నా ఇప్పనేదు" అన్నాడు తాతబాబు. ఎల్లారావు కూడా రెండేళ్ల కిందట పోయాడు.

బండిని మళ్లీ బండిని చెయ్యడానికి ఏడు నెలలు పట్టింది. ఇంజను బిగుసుకుపోతే సిలిండరులో డీజిలు పోసి వారం నానబెట్టారు. ట్యాంకు అడుగున తుప్పు గీకడానికి గులకరాళ్లు వేసి గంటలకొద్దీ ఊపారు, గుండె సంగతి నేను గుర్తుచేస్తూనే ఉన్నాను. మావారిది ఒకే సూత్రం. ఏ నట్టు ఎక్కడ తీస్తే మళ్లీ అక్కడే పెట్టాలి. ఊడదీసిన ప్రతి ముక్కా ఒక డబ్బాలో, డబ్బా మీద నా చేతిరాతతో చీటీ. "ఆ బండి కట్టినోడు ఎర్రోడు కాదు టీచరమ్మా. దేనికోసం పెట్టినాడో మనకి తెల్దు. తీసీకూడదు" అనేవారు.

తొట్టి సీటు కింద చెక్కపెట్టె ఉంది. అందులో పాత తువ్వాలులో చుట్టిన రాయి దొరికింది. పిడికిలికన్నా కొంచెం పెద్దది. నల్లగా, నునుపుగా ఉంది. తడిగా ఉంది. తువ్వాలు మడతల్లో నాలుగు నల్లనువ్వులు అంటుకుని ఉన్నాయి. నానిన నువ్వుల వాసన.

"బేలన్సుకి పెట్టుంటాడు" అన్నారు మావారు.

అది ఎలా అంటే చెబుతాను. బస్సు ఎడమవైపు తిరిగితే మీరు కుడివైపు ఒరుగుతారు కదా. సైడ్‌కారు మన దేశంలో బండికి ఎడమవైపు ఉంటుంది. బండి ఎడమకి తిరిగినప్పుడు అందులో మనిషి లేకపోతే, తేలిక వల్ల ఆ పక్క చక్రం గాల్లోకి లేస్తుంది. బండి బోల్తా కూడా పడొచ్చు. అందుకని ఖాళీ తొట్టిలో ఇసుక బస్తా వేసుకుంటారు. నేను తలాడించాను. డబ్బా మీద "బేలన్సు రాయి" అని చీటీ అంటించాను.

వంటింటి త్రాసులో తూస్తే ముప్పావు కిలో ఉంది. ముప్పావు కిలో రాయి మోటారుసైకిలుకి బేలన్సు ఎలా అవుతుంది? ఇసుక బస్తా పాతిక కిలోలుంటుంది. ఏడో తరగతి పిల్లవాడు అడగాల్సిన ప్రశ్న. నేను అడగలేదు. రాయి తడి మాత్రం తుడిచాను. సముద్రపు గాలి అనుకున్నాను. మర్నాటికి మళ్లీ తడిగా ఉంది.

తొట్టికి కొత్త స్ప్రింగు ఆటోనగర్‌లో చేయించాం. బిగించాక స్కేలు తెచ్చి నేల నుంచి తొట్టి అడుగు వరకు కొలిచాను. పదకొండు అంగుళాలు. నేను ఎక్కి కూర్చుంటే మావారు కొలిచారు. తొమ్మిదిన్నర. నా బరువు అరవై కిలోలు, అంటే నలభై కిలోలకి ఒక అంగుళం కుంగుతుంది. నోట్‌బుక్కులో రాశాను.

ఆ సాయంత్రం మావారు డబ్బాలన్నీ ఖాళీ చేసి, ఆఖరి డబ్బాలోని రాయిని మళ్లీ తువ్వాలులో చుట్టి సీటు కింద పెట్టారు. ఏది ఎక్కడ తీస్తే అక్కడే.

మర్నాడు పొద్దున్న ఊరికే కొలిచాను. తొమ్మిదీ ముప్పావు.

తొట్టిలో ఎవరూ లేరు.

మావారు ఆటోనగర్ స్ప్రింగువాడిని తిట్టారు. "దొంగ ఉక్కు ఏసీసినాడు." నా మనసులో లెక్క దానంతటదే జరిగిపోయింది. అంగుళంపావు కుంగింది. అంగుళానికి నలభై. మొత్తం యాభై కిలోలు.

సీటు ఎత్తి రాయి బయటికి తీశాను. తొట్టి లేచింది. చటుక్కున కాదు. మోకాళ్ల మీద చేతులు ఆనించుకుని ఎవరో లేచినట్టు... నెమ్మదిగా... కిర్రుమంటూ లేచింది. పదకొండు.

రాయిని వరండాలో వైరు కుర్చీ మీద పెట్టాను. తెల్లారేసరికి కుర్చీ వైర్లు మధ్యలో లోతుగా సాగిపోయి ఉన్నాయి. రాయి ఓ పక్కగా, కుర్చీ చెయ్యి పక్కన ఉంది.

మావారు చాలాసేపు దాన్నే చూశారు. తర్వాత రాయి తీసుకెళ్లి మళ్లీ తొట్టిలో పెట్టేశారు. "దాని చోటు అదే కదా" అన్నారు.

అప్పట్నుంచి ఆయన సాయంత్రాలు షెడ్డులోనే. బండి స్టార్టయింది. ఇంజను శబ్దం గడియారంలాగా ఉందని వీధిలోవాళ్లు వచ్చి చూశారు. ఆయన సీటు మీద కూర్చోగానే పాత స్ప్రింగులు కిర్రుమనేవి, అది వింటే నాకు ధైర్యంగా ఉండేది. రోజూ అగనంపూడి దాకా వెళ్లొచ్చేవారు. నన్ను రమ్మనేవారు కాదు. తిరిగొచ్చాక తొట్టి పక్కన స్టూలు వేసుకుని గుడ్డతో తుడుస్తూ ఉండేవారు. ఒకరోజు టీ పట్టుకెళితే లోపల మాటలు వినిపించాయి.

"మరీ అంత దూరం కాదులే..."

కాసేపు నిశ్శబ్దం. ఎవరైనా జవాబు చెబితే ఎంతసేపు పడుతుందో అంతసేపు.

"సరే. రేపు ఎల్దాం."

నేను తలుపు తోస్తే ఆయన ఒక్కరే ఉన్నారు. నానిన నువ్వుల వాసన.

నెలనెలా చెకప్పుకి వెళ్లినప్పుడు డాక్టరుగారు బరువు చూస్తారు. డెబ్భై రెండు ఉండేవారు. అరవై ఎనిమిదయ్యారు. తర్వాత అరవై మూడు. "వెరీ గుడ్, నడుస్తున్నారన్నమాట" అని డాక్టరుగారు మెచ్చుకున్నారు. ముఖం చిక్కలేదు, పొట్ట తగ్గలేదు. చొక్కాలు వదులవలేదు. మెట్లెక్కితే మాత్రం ఆయాసం ఎక్కువైంది.

డిసెంబరులో ఒక మధ్యాహ్నం నేనే పట్టుబట్టాను. "మల్కాపురం వెళదాం. ఆ రాయేమిటో అడుగుదాం." తుపాను ఎక్కడో సముద్రంలో ఉంది, పోర్టులో మూడో నెంబరు హెచ్చరిక జెండా ఎగరేశారని టీవీలో చెబుతున్నారు. అయినా వెళ్లాం. ఆయన బండి మీద, నేను తొట్టిలో. రాయి తువ్వాలుతో సహా నా ఒళ్లో.

సైడ్‌కారు సీటు ఇద్దరికి సరిపోయేంత ఉండదు, నా ఒక్కదానికి బాగానే సరిపోవాలి. గాజువాక దాటేసరికి నేను కుడివైపు అంచుకి నొక్కుకుపోయి ఉన్నాను. ఎన్నిసార్లు సర్దుకున్నా చోటు చాలలేదు. ఎడమ తొడకి చల్లగా ఏదో తగులుతూనే ఉంది. వాన తుంపర అనుకున్నాను. వాన అప్పటికింకా మొదలవ్వలేదు.

తాతబాబు రాయి చూసి తల అడ్డంగా ఊపాడు. నాలుగు సందుల అవతల ఉన్న పోతమ్మ ఇంటికి తీసుకెళ్లాడు. చిలకమ్మకి చెల్లెలు. ఎనభై దాటి ఉంటాయి. గుమ్మంలో కూర్చుని ఉంది. బండి చప్పుడు వినగానే తలెత్తింది. నా ఒళ్లో తువ్వాలు చూసి, తాతబాబుని లోపలికి పొమ్మంది.

"ఎక్కడ దొరికినాది పంతులమ్మా?"

"సీటు కింద."

ఆవిడ కళ్లు మూసుకుంది. "మాయదారి బావ" అంది. తిట్టులా లేదు. "మా అక్క కాలినాక కాటిలోంచి తెచ్చిన రాయి అది. పదిరోజులు అక్కని అందులో పెట్టి నువ్వులూ నీళ్లూ ఇచ్చినాం. పదోనాడు సముద్రంలో ఇడిసీయాల. బావే ఇడిసినాడు. ఇడిసినట్టు సేసినాడు గావాల... ఇంకోటేదో ఇసిరీసి, దీన్ని తువ్వాలులో దాసీసినాడు. మేవెవరం ఎనక్కి సూడం గదా. సూడకూడదు గదా."

"తర్వాత?" అన్నారు మావారు.

"తర్వాతేటి. పదేళ్లు తొట్టిలో తిప్పినాడు. బాగానే ఉన్నాడు, తిన్నాడు, తిరిగినాడు. పోయిననాడు తెలిసినాది. పాడె మోసినోళ్లు నలుగురూ సెప్పినారు నాకు. మనిషి నిండుగా కనిపిత్తన్నాడు గానీ, కాళీ పాడె మోసినట్టుందని." పోతమ్మ నా వైపు చూసింది. "కూకుంటే బరువుండాలి గదమ్మా. అక్కకి బరువెక్కడిది? ఎవడు తిప్పితే ఆడి దగ్గరే తీసుకుంటాది."

డెబ్భై రెండు. అరవై ఎనిమిది. అరవై మూడు.

నేను మావారి వైపు చూడలేకపోయాను.

"ఏం చెయ్యాలి?" అన్నాను.

"ఇడిసీయడమే. ఎవడు తిప్పినాడో ఆడే ఇడవాల. మోకాలిలోతుకి ఎల్లి, ఒడ్డువేపు తిరిగి, ఎడం భుజం మీంచి ఎనక్కి ఇసిరీయాల. ఇసిరినాక సముద్రం వేపు సూడకుండా వచ్చీయాల. ఎనకాల ఎవులు పిలిసినా తిరక్కూడదు." మావారి మణికట్టు పట్టుకుంది. "పిలుత్తాది. తిరక్కు." తర్వాత నాతో, "నువ్వు ఒడ్డునుంచి ఆయన పేరెట్టి పిలవకు తల్లీ. అక్కకి ఆ పేరు తెల్దు. తెలిస్తే ఇడవదు. నీకా అలవాటు ఉండదులే, పాతకాలపు మనిషివి."

మావారు ఆ భయంలోనూ నవ్వారు. "నలభై ఒక్కేళ్లయినాది, నా పేరు ఇంతవరకూ అన్లేదు. ఆ గొడవ లేదు మనకి."

రాయిని ఇంటికి తిరిగి తీసుకెళ్లాలని ఇద్దరికీ లేదు. సరాసరి యారాడ కొండ ఎక్కాం. ఘాట్‌రోడ్డు వంపుల్లో గాలి చెట్లని రోడ్డు మీదకి వంచుతోంది. ఎడమవంపులు వచ్చినప్పుడల్లా తొట్టి చక్రం నేలకి అతుక్కునే ఉంది. ఉంటుంది మరి. ఇద్దరం ఉన్నాం.

యారాడలో అప్పటికి అయిదున్నర. డిసెంబరు, పైగా మబ్బు, చీకటి ముందే దిగింది. మరపడవలన్నీ ఒడ్డు పైకి, కొబ్బరిచెట్ల దాకా లాగేశారు. కోటి అని ఒకతను తన పడవకి మోకులు బిగిస్తున్నాడు. పేరు పడవ మీద రాసి ఉంది, అలా తెలిసింది.

"ఏటి మేస్టారూ, ఇయ్యాల సముద్రం మంచిగా నేదు. ఎల్లిపోండి."

"చిన్న పని. రెండు నిమిషాలు" అన్నారు మావారు.

అతను నా ఒళ్లోని తువ్వాలు చూశాడు. ఇంకేమీ అడగలేదు. మోకు సగంలో వదిలేసి, మా వైపు వీపు తిప్పుకుని, ఊళ్లోకి వెళ్లిపోయాడు.

ఇసుక మొదలైన చోట బండి ఆపాం. నేను తొట్టి పక్కనే నిలబడ్డాను. మావారు ప్యాంటు మడిచారు. రాయి అందుకుంటూ, "ఒక్క మాటా పలకనని ఒట్టేయి టీచరమ్మా" అన్నారు.

"ఒట్టు."

నోట్లో కొంగు కుక్కుకున్నాను.

ఆయన నీళ్లలోకి నడిచారు. పాదాలు, పిక్కలు, మోకాళ్లు. సముద్రం నల్లగా ఉంది, నురగ మాత్రమే కనిపిస్తోంది. ఆయన ఒడ్డువైపు తిరిగారు. నన్ను చూశారు. ఎడమ భుజం మీంచి రాయి విసిరారు. అది నీళ్లలో పడిన చప్పుడు ముప్పావు కిలో రాయి చప్పుడు కాదు... మనిషి పడ్డట్టుంది.

నా పక్కన తొట్టి కిర్రుమంది. పైకి లేచింది.

హమ్మయ్య అనుకున్నాను. ఆయన అడుగు ముందుకి వేశారు.

"ఏవండీ..."

ఆడగొంతు. ఆయన వెనకనుంచి. నీళ్లలోంచి.

ఆయన ఆగారు. నా ముఖంలోకి చూశారు. నా నోట్లో కొంగు ఉంది. నేను కాదని అర్థమైంది ఆయనకి. మళ్లీ అడుగు వేశారు.

"ఏవండీ... ఇటు..."

ప్రతి భార్యా ప్రతి భర్తనీ పిలిచే పిలుపు. ఆయన తల అడ్డంగా ఊపి నడుస్తూనే ఉన్నారు. ఇంకో పది అడుగులు... అంతే.

అప్పుడు ఆయన వెనకాల నీరు లేచింది.

మొదట నురగ మాయమైంది. ఆయన పిక్కల దగ్గరి నీరు వెనక్కి లాగేసింది, ఇసుక బయటపడింది. ఆ వెనక నల్లటి గోడ... ఆయన తలకన్నా ఎత్తు. చప్పుడు లేదు. ఆయనకి తెలియదు. గుండెలో రెండు స్టెంట్లు. చేతులు ఊపాను. పరుగెత్తమని సైగ చేశాను. మసక చీకట్లో ఆయనకేం అర్థమైందో, ఆగిపోయారు. నావైపు చూస్తూ నిలబడిపోయారు. గోడ దగ్గరికొస్తోంది.

కొంగు లాగేశాను.

"నీలకంఠం! పరిగెత్తండి!"

నలభై ఒక్కేళ్లలో మొదటిసారి. ఆయన ముఖంలో ఆశ్చర్యం నాకు స్పష్టంగా కనిపించింది. సంతోషం కూడా. పరుగు అందుకున్నారు. రెండడుగులు.

"నీలకంఠం..."

ఆయన వెనకనుంచి. అచ్చంగా నా గొంతు. నా అరుపు కాదు... నేను ఎన్నడూ పిలవని పిలుపు. ఇంట్లో, భోజనానికి పిలిచినంత నెమ్మదిగా.

ఆయన తిరిగారు.

అల పడింది.

నేను లెక్కపెట్టాను. ఎందుకో తెలియదు, అలవాటు. ఒకటి. రెండు. నీళ్లు బండి చక్రాల దాకా వచ్చాయి. ఏడు. ఎనిమిది. నురగ తప్ప ఏమీ లేదు. పద్నాలుగు. నేను నడుంలోతు నీళ్లలో ఉన్నాను, ఎప్పుడు దిగానో గుర్తులేదు. పంతొమ్మిది...

ఒడ్డున, నా వెనక, ఆయన నిలబడి ఉన్నారు.

చెయ్యి పట్టుకున్నాను. వెచ్చగా ఉంది. ఊపిరి మామూలుగా ఉంది. అసలు ఆయాసమే లేదు.

"పోయినాదా?" అన్నాను. భయంతో ఆయన యాసే నా నోట్లో వచ్చింది.

"పోయినాది" అన్నారు. "పద, ఇంటికెల్దాం."

ఆయన బండి ఎక్కారు. వానహోరులో సీటు స్ప్రింగుల చప్పుడు నాకు వినిపించలేదు. తొట్టిలో ఈసారి నాకు కావలసినంత చోటు ఉంది.

తుపాను ఎటో వెళ్లి ఎక్కడో తీరం దాటింది. పోర్టులో జెండాలు దింపేశారు. ఖాళీ తొట్టి కింద స్కేలు పెట్టాను. పదకొండు. మర్నాడు పదకొండు. ఆ మర్నాడూ పదకొండు. షెడ్డులో నువ్వుల వాసన లేదు. మావారు రెండుసార్లు అడిగి అన్నం పెట్టించుకుంటున్నారు. పేపరు చదువుతున్నారు. మేడమెట్లు ఆగకుండా ఎక్కుతున్నారు. ఎక్కేటప్పుడు చప్పుడే ఉండదు. చెకప్పు తేదీ దాటిపోయింది. నేను గుర్తుచెయ్యలేదు.

నిన్న ఆదివారం. తొట్టిలో కొత్త మ్యాట్ వేద్దామన్నారు. లోపలికెక్కి, కాళ్లు చాపుకుని, హాయిగా కూర్చుని మూలలు సర్దుతున్నారు. నేను పక్కన నోట్‌బుక్కు పట్టుకుని ఉన్నాను.

"నా బరువుకి ఎంతొచ్చినాదో సూడు" అన్నారు.

గోడ మీంచి స్కేలు తీశాను. మోకాళ్ల మీద కూర్చున్నాను. స్కేలు నేలకి నిలువుగా ఆనించాను. కన్ను అంకెకి సూటిగా ఉండాలని పిల్లలకి చెప్పేదాన్ని, పక్కనుంచి చూస్తే తప్పు వస్తుందని. గచ్చు మీద బుగ్గ ఆనించి సూటిగా చూశాను. మళ్లీ చూశాను.

పదకొండు.

తల పైకెత్తితే ఆయన ఇటు చూడటం లేదు. మ్యాటు మూల నొక్కుతూనే ఉన్నారు. వేళ్ల కింద మ్యాటు నలగడం లేదు.

"తొమ్మిదిన్నర గదా?" అన్నారు.

నేను స్కేలు పక్కన పెట్టాను.

"తొమ్మిదిన్నరే ఉంటాది" అన్నారు నెమ్మదిగా, నవ్వుతూ. "రాసుకో, అనూరాధా."

నలభై ఒక్కేళ్లుగా నేను ఆయనకి టీచరమ్మని.

పెన్ను మూత తీశాను. తేదీ వేశాను. ఎదురుగా ఆయన పేరు రాశాను. దాని పక్కన, రూళ్లకర్రతో గీసిన గడిలో, తొమ్మిదిన్నర అని రాశాను.